క్లియర్లీ అంటే ఎవరికి?

అజ్మాన్‌లో టైపింగ్ సెంటర్ అంటే ఏమిటో ఇక్కడ నాలుగు రోజులు ఉండి వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మన ఊళ్ళో రిజిస్ట్రారాఫీసు బయట చెట్టు కింద దస్తావేజు లేఖరులు కూర్చుంటారు చూడండి, మాదీ అలాంటి పనే. కాకపోతే నెత్తిన చెట్టు బదులు ఏసీ ఉంటుంది. వీసా దరఖాస్తు, లేబర్ కార్డు, అద్దె కాగితం, ఏది కావాలన్నా మా గుమ్మం ఎక్కాలి. నేను 1996లో ఈ కుర్చీలో కూర్చున్నాను. అరబ్బీ టైపు చేసేది ఒక మలయాళీ మిత్రుడు, ఇంగ్లీషు నాది. తెలుగువాళ్ళొస్తే మాత్రం ఇంకో పని కూడా నాదే. ఆ కాగితంలో ఏముందో వాళ్ళకి చెప్పాలి.

చెప్పాలి అన్నానే గాని, అన్నిసార్లూ చెప్పానని అనలేను. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను.

2003 వేసవి. ఒక కంపెనీ నుంచి నలభై కాగితాలు వచ్చాయి. ప్రభుత్వానివి కావు, కంపెనీవాళ్ళు సొంతంగా రాసుకున్నవి. ఖాళీల్లో పేరు, పాస్‌పోర్టు నంబరు టైపు చేసి, మనుషుల చేత సంతకాలు పెట్టించి పంపమన్నారు. కంపెనీ మందూబ్ పది మందిని వ్యాన్‌లో ఎక్కించుకుని సనయ్య నుంచి తీసుకొచ్చాడు. మందూబ్ అంటే కంపెనీ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. సనయ్య అంటే ఇండస్ట్రియల్ ఏరియా. ఆ పది మందిలో జగిత్యాల వైపు కుర్రాడొకడున్నాడు. ఎనిమిదో తరగతి దాకా చదివాడట. కాగితం చేత్తో పట్టుకుని వేలు పెట్టి కూడబలుక్కున్నాడు.

"అన్నా, గిక్కడ క్లియర్లీ అని రాసిండ్రు. గదేంది?"

"స్పష్టంగా అని తమ్ముడూ."

"స్పష్టంగ అంటే?"

"నీకు మంచిగా అర్థమైందని."

"నాకు అర్థం కాలే గదన్నా."

వెనక తొమ్మిది మంది. వ్యాన్ డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. "అందరూ పెడుతున్నారు, నువ్వూ పెట్టెయ్" అన్నాను. పెట్టేశాడు.

ఆ కాగితంలో ఉన్నదల్లా మూడు వాక్యాలు. గదికీ తిండికీ అయ్యే ఖర్చు నెల జీతంలోంచి కోసుకోవడానికి నేను ఒప్పుకుంటున్నాను, దీన్ని చదివి స్పష్టంగా అర్థం చేసుకున్నాను అని సారాంశం. ఆరువందల దిర్హాముల జీతంలో నూటయాభై కోసేసరికి అతను కంపెనీ ఆఫీసుకి వెళ్ళాడు. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. అక్కడి మేనేజరు ఫైలు తెరిచి, సంతకం మీద వేలు పెట్టి, ఇంగ్లీషులో ఒక్క ముక్క అన్నాడు: "క్లియర్లీ, హి హాజ్ సైన్డ్."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ కుర్రాడు కంపెనీని తిట్టలేదు. "అన్నా, నీకు అర్థమైంది గదా. మరి నాకెందుకు చెప్పలే?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

చేసిన తప్పు తలకెక్కితే కొందరు గుడికి వెళ్తారు, నేను డిక్షనరీకి వెళ్ళాను. అప్పట్నుంచి ఈ 'క్లియర్లీ' అనే మాట వెంటపడ్డాను. అది నన్ను నా కుర్చీ దగ్గర మొదలుపెట్టి అజ్మాన్ కోటకీ, అక్కడ్నుంచి మా కోరంగికీ తీసుకుపోయింది.

ముందు మాట సంగతి. కాగితంలోనూ మేనేజరు నోట్లోనూ ఉన్నది ఒకటే మాట, కాని చేసే పని వేరు. "క్లియర్లీ అర్థమైంది" అంటే అర్థం కావడం ఎలా జరిగిందో చెబుతోంది. బాగా వినపడింది, బాగా కనపడింది అన్నట్టు. అదే మాటని వాక్యం మొదట పెట్టి ఒక కామా కొట్టండి. "క్లియర్లీ, సంతకం పెట్టాడు." ఇప్పుడది సంతకం గురించి చెప్పడం లేదు. సంతకం గుండ్రంగా ఉందా వంకరగా ఉందా అన్నది దానికి అక్కర్లేదు. "ఇందులో వాదించడానికేమీ లేదు, నోరు మూసుకో" అంటోంది. మన భాషలో అయితే ఈ రెంటికీ వేరే వేరే మాటలు వస్తాయి. మొదటిదానికి "తేటగా", "విడమర్చి", "అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు". రెండోదానికి "తెలుస్తూనే ఉంది కదా", "ఇంకా చెప్పేదేముంది". ఇంగ్లీషువాడు రెండింటినీ ఒకే సీసాలో పోశాడు. లాయర్లకి రాయడం నేర్పే ఇంగ్లీషు పుస్తకాలు కూడా ఈ రెండో 'క్లియర్లీ'ని కొట్టెయ్యమనే చెబుతాయి. రుజువు బలంగా ఉంటే ఆ మాట అక్కర్లేదు, లేకపోతే ఆ మాట వల్ల ప్రయోజనం లేదు అని వాళ్ళ వాదం.

ఆ మాట లాటిన్ 'క్లారుస్' నుంచి వచ్చింది. వెలుగుగా కనిపించేది, గట్టిగా వినిపించేది అని అర్థం. 'డిక్లేర్' కూడా ఆ ఇంటి పిల్లే. అంటే "క్లియర్లీ అండర్‌స్టుడ్ అని డిక్లేర్ చేస్తున్నాను" అన్నప్పుడు ఒకే వాక్యంలో రెండుసార్లు వెలుగు చూపిస్తున్నారన్నమాట. అంత వెలుగులోనూ మా కుర్రాడికి ఏమీ కనపడలేదు.

తెలుగు సంగతి చూడండి. తెలియు, తెలుపు, తెల్లన, తేట, తెల్లవారడం, ఇవన్నీ ఒకే ద్రావిడ ధాతువు పిల్లలు. నీళ్ళలో మడ్డి అడుక్కి దిగి పైన తేట మిగలడం, చీకటి పోయి తెల్లవారడం, మనిషికి సంగతి తెలియడం మన పెద్దవాళ్ళకి ఒకటే వ్యవహారం. ఇంకో విశేషం ఉంది. ఇంగ్లీషులో "నేను అర్థం చేసుకున్నాను" అనే అంటారు, లేకపోతే "స్పష్టంగా అర్థం చేసుకోబడినది" అని మనిషినే తీసేస్తారు. కాంట్రాక్టుల్లో ఈ రెండో రకమే ఎక్కువ. ఎవరు అర్థం చేసుకున్నారో ఆ వాక్యాన్ని అడిగితే చెప్పదు. మామూలు తెలుగులో "అర్థమైంది" అనగానే ఎవరో ఒకరికి కావాలి. నాకు అర్థమైంది, నీకు అర్థమైంది. ఆ 'కు' లేకపోతే మాట కుంటుతుంది. మన పాత దస్తావేజుల్లో చివర "చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని" అని రాసేవారు. చదివినవాడొకడు, విన్నవాడొకడు, ఇద్దరూ కాగితంలో నిలబడి ఉంటారు. వినిపించకుండానే ఆ ముక్క రాసేసినవాళ్ళు మన దగ్గరా తక్కువేం కాదు, అది వేరే సంగతి. నేనూ ఆ కులంవాణ్ణే.

ఇక కోట సంగతి. అజ్మాన్ ఏడు ఎమిరేట్లలో అతి చిన్నది, సుమారు 260 చదరపు కిలోమీటర్లు. పాలకుల పాత కోట ఇప్పుడు మ్యూజియం. శుక్రవారం పూట ఏమీ తోచక అటు వెళ్ళేవాణ్ణి. ఆ కోట కాలంనాటి కాగితాల్లో ఈ ఊరికి అన్నిటికంటే ముఖ్యమైనది 1820 నాటి ఒప్పందం. 1819 చివర బొంబాయి నుంచి మేజర్ జనరల్ విలియం కీర్ గ్రాంట్ నౌకలతో వచ్చి రస్ అల్ ఖైమాని పట్టుకున్నాడు. తర్వాత ఈ తీరపు షేకులందరి చేతా సంతకాలు పెట్టించారు. అజ్మాన్ తరఫున సంతకం పెట్టింది షేక్ రషీద్ బిన్ హుమైద్. సముద్రం మీద దోపిడీ, పైరసీ శాశ్వతంగా ఆపెయ్యాలన్నది అందులో మొదటి మాట.

పైరేట్లు అనే పేరు బ్రిటిష్‌వాళ్ళు పెట్టింది. వాళ్ళ రికార్డుల్లో అది వాదించక్కర్లేని సంగతి, మా మేనేజరు 'క్లియర్లీ' లాంటిది. చాలా కాలం తర్వాత, 1986లో, షార్జా పాలకులు షేక్ సుల్తాన్ బిన్ ముహమ్మద్ అల్ ఖాసిమీ ఆ ముద్ర అబద్ధమని వాదిస్తూ ఇంగ్లీషులోనే ఒక పుస్తకం రాశారు. అడిగేవాడు పుట్టడానికి నూటయాభై ఏళ్ళు దాటింది.

ఆ ఒప్పందంలో తొమ్మిదో షరతు నన్ను పట్టేసింది. ఆఫ్రికా తీరం నుంచి గాని మరోచోటి నుంచి గాని ఆడ, మగ, పిల్లల్ని బానిసలుగా ఎత్తుకుపోయి ఓడల్లో చేరవెయ్యడం కూడా దోపిడీ, పైరసీయే అని ఉంది. ఆ షరతు వెనక థామస్ పెర్రొనెట్ థాంప్సన్ ఉన్నాడని చరిత్రకారులు రాస్తారు. ఆ దండులో అరబ్బీ తెలిసిన కెప్టెన్ అతను, ఒప్పందం భాష పనంతా అతని చేతి మీదుగా నడిచింది. అంటే రెండు వందల ఏళ్ళ కిందటి మా టైపింగ్ సెంటర్ మనిషి అన్నమాట. అంతకుముందు 1808 నుంచి 1810 దాకా సియెర్రా లియోన్ గవర్నరుగా ఉన్నాడు. అక్కడ ఓడల నుంచి విడిపించిన బానిసల్ని 'అప్రెంటిస్' అనే పేరుతో మళ్ళీ పనికి కట్టేస్తున్నారని, ఇది బానిసత్వమే కదా అని గొడవ చేశాడు. ఉద్యోగం పోయింది. పేరు మార్చినంత మాత్రాన పని మారదని తెలిసిన మనిషి కాబట్టే ఇక్కడ షరతు అంత గట్టిగా రాయించి ఉంటాడని నాకనిపిస్తుంది.

మరి ఫలితం? రాసిన అక్షరాలు అవే ఉన్నాయి, చదివేవాళ్ళు మారారు. తర్వాత వచ్చిన బ్రిటిష్ అధికారులు "ఇక్కడ ఎత్తుకుపోవడం అని ఉంది, కొనుక్కుని తెచ్చుకోవడం అని లేదు" అని అర్థం చెప్పుకున్నారు. కొన్న మనిషిని ఓడెక్కించి తీసుకొస్తే అది ఒప్పందానికి అడ్డు కాదన్నారు. 1838లో, 1839లో అదనపు కాగితాలు రాయించుకున్నారు. చివరికి 1847లో అజ్మాన్‌తో సహా ఈ తీరపు షేకులతో ఆఫ్రికా తీరాల నుంచి బానిసల్ని తేవడం మొత్తంగా ఆపెయ్యాలని వేరే ఒప్పందం రాయించారు. తెలిసినవాడు తేటగా రాశాననుకున్న ముక్క 27 ఏళ్ళు మడ్డిగానే ఉండిపోయింది. ఆ 27 ఏళ్ళలో ఓడలెక్కినవాళ్ళకి ఆ మాట ఏ వైపు చదివారన్నదే జీవితం.

ఇక్కడ మా ఊరు అడ్డొస్తుంది. మాది తాళ్ళరేవు దగ్గర, కోరంగి పక్కన. ఇప్పుడు మడ అడవుల కోసం వెళ్తున్నారు గాని, ఒకప్పుడది పెద్ద ఓడరేవు. 1839 తుఫాను దాన్ని ముంచేసింది. అయినా 1843లో కోరంగి నుంచి మన తెలుగువాళ్ళు మారిషస్‌కి ఓడెక్కారు. అక్కడా బర్మాలోనూ మనవాళ్ళకి 'కోరంగీలు' అనే పేరే స్థిరపడిపోయింది. ఎందుకెళ్ళారు? 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది. చెరుకు తోటలకి మనుషులు కావాలి. కొన్నేళ్ళు పాత బానిసల్నే 'అప్రెంటిస్‌లు' అని పేరు పెట్టి ఉంచారు. థాంప్సన్ కొట్లాడిన మాటే, చూశారా? దాంతోపాటే ఇండియా నుంచి ఒప్పందపు కూలీలు మొదలయ్యారు. 1860 నవంబర్ 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి తమిళుల్ని, తెలుగువాళ్ళని దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవులో దించింది. 1903 నుంచి ఫిజీకి కూడా మద్రాసు నుంచి ఓడలు వెళ్ళాయి.

పందొమ్మిదో శతాబ్దపు వలస చట్టాలు చదివితే ముచ్చటేస్తుంది. వెళ్ళేవాణ్ణి అధికారి స్వయంగా ప్రశ్నించాలి, ఒప్పందం అర్థమైందని తృప్తి పడాలి, అప్పుడే పేరు రాసుకోవాలి. చూడండి, తృప్తి పడాల్సింది అధికారి. కూలీ కాదు. మా లెక్కల మాస్టారు బోర్డు నిండా రాసి "అర్థమైందా?" అని అడిగేవారు. క్లాసంతా "అర్థమైంది సార్!" అని ఒక్క గొంతుతో అరిచేది. ఆయన తృప్తిగా చాక్‌పీసు పొడి దులుపుకునేవారు. ఓడ డిపోల్లోనూ ఇంతకన్నా బాగా జరిగిందని నేననుకోను.

ఫిజీ ఒప్పందం కాగితంలో అంకెలన్నీ చక్కగా ఉన్నాయి. ఐదేళ్ళు. రోజుకి తొమ్మిది గంటలు, శనివారం ఐదు. మగవాడికి రోజుకి ఒక షిల్లింగు, అంటే అప్పటి లెక్కలో పన్నెండణాలు. ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. ఇంతకంటే తేటగా ఏం రాస్తారు అనిపిస్తుంది. కాని పని 'టాస్క్' లెక్కన ఇవ్వొచ్చు అని ఒక మాట పెట్టారు. టాస్క్ అంటే మామూలు ఆరోగ్యవంతుడైన మగవాడు ఆరు గంటలు నిలకడగా పనిచేస్తే అయ్యేంత పని. ఎవరండీ ఆ మామూలు మగవాడు? చెరుకు తోటలో దాన్ని తేల్చేది ఓవర్‌సీరు. టాస్క్ అయితేనే షిల్లింగు. పన్నెండణాలన్నది కాగితం మీద స్పష్టం, చేతికొచ్చేది ఓవర్‌సీరు దయ. అగ్రిమెంటు అన్న మాట ఆ కూలీల నోట 'గిర్మిట్' అయింది. నలిగిన ఆ మాట చూస్తే, వాళ్ళ చెవిదాకా చప్పుడే వెళ్ళింది, లోపలి అర్థం వెళ్ళలేదు అనిపిస్తుంది. 1917లో కొత్త కూలీలని పంపడం ఆగింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన గిర్మిట్లన్నీ రద్దయ్యాయి.

మళ్ళీ నా కుర్చీ దగ్గరకి వద్దాం. ఎమిరేట్స్ 1980 నాటి కార్మిక చట్టంలో ఒప్పందాల భాష అరబ్బీ అనీ, పక్కన మరో భాష ఉన్నా తేడా వస్తే అరబ్బీదే చెల్లుతుందనీ రాశారు. 2022లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టమూ ఆ ఆధిక్యాన్ని అలాగే ఉంచింది. ఏ దేశమైనా తన భాషకే పెద్దపీట వేస్తుంది, అందులో తప్పు పట్టను. ఇండియా వైపు 1983 వలస చట్టం వచ్చింది, హైదరాబాదులోనూ వలసదారుల రక్షణాధికారి ఆఫీసు పెట్టారు. వీటి మధ్యలో మన మనిషి ఇంటి దగ్గర ఏజెంటు నోటి మాట నమ్మి వచ్చి, ఇక్కడ దిగాక వేరే కాగితం మీద సంతకం పెట్టడం ఎన్నో ఏళ్ళు నా కళ్ళ ముందే జరిగింది.

2016 జనవరి 1 నుంచి ఇక్కడి కార్మిక మంత్రిత్వ శాఖ మంచి మార్పు తెచ్చింది. మనిషి దేశం దాటక ముందే, తనకి అర్థమయ్యే భాషలో ఉన్న ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టాలి, ఇక్కడికొచ్చాక రాసే ఒప్పందం దానికి తగ్గకూడదు. అప్పుడు 11 భాషలు ప్రకటించారు. అరబ్బీ, ఇంగ్లీషు, బెంగాలీ, చైనీస్, దరీ, హిందీ, మలయాళం, నేపాలీ, సింహళం, తమిళం, ఉర్దూ. మా మలయాళీ మిత్రుడు జాబితా చదివి సంబరపడ్డాడు. నేను రెండుసార్లు చదివాను. తెలుగు లేదు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంతమంది వచ్చి, ఆ పదకొండింటిలో మన మాట లేదు. మనవాడికి హిందీ వస్తుంది కదా అంటారు. బజారులో ఉల్లిపాయలు బేరమాడే హిందీ వేరు, గ్రాట్యుటీ లెక్క అర్థమయ్యే హిందీ వేరు. మనవాళ్ళు అడిగారా అంటే, అదీ ఆలోచించాల్సిందే. సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టడానికి మన సంఘాలు పడే శ్రమలో పదో వంతు ఇక్కడ పెట్టొచ్చు.

చిన్నప్పుడు వర్షాకాలం వస్తే మా కాలవలో గోదావరి ఎర్ర నీళ్ళు వచ్చేవి. అమ్మ బిందె లోపల చిల్లగింజ అరగదీసి కాసేపు వదిలేసేది. నాకు ఆత్రం. గ్లాసు ముంచేవాణ్ణి, మడ్డి అంతా మళ్ళీ పైకి లేచేది. "ఆగరా, తేరనీ" అని చెయ్యి మీద ఒకటిచ్చేది. ఆ జగిత్యాల కుర్రాడి విషయంలో నేను చేసింది ఆ గ్లాసు ముంచడమే. తేరడానికి ఓ పావుగంట పట్టేది. ఆ పావుగంట నేను ఇవ్వలేదు.

ఇప్పుడు నేను "అర్థమైందా?" అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకి ప్రపంచంలో ఒకటే జవాబు ఉంది. కాగితం చదివి చెప్పి, "తమ్మీ, ఇందులో ఏముందో ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అంటాను. మొన్న ఒకాయన, యాభై ఏళ్ళుంటాయి, మెట్‌పల్లి మనిషి, రెండేళ్ళ ఒప్పందం గురించి చెప్పిందంతా విని, "రెండేండ్లకు ఇంటికి పోవుడు, టికెట్టు నా పైసలతోని" అన్నాడు. కాదు, టికెట్టు కంపెనీదే అని అందులో ఉంది. మళ్ళీ మొదట్నుంచి చదవడం మొదలుపెట్టాను. వెనక ఆరుగురు నిలబడ్డారు. మా మలయాళీ మిత్రుడు గోడ గడియారం వైపూ నా వైపూ చూశాడు. చూడనీ అనుకున్నాను.